కలశం వెనక పెట్టె

మా వారి గొంతు ఒక సినిమాలో సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆయన పేరు కాశీవిశ్వనాథం. సినిమాలకు డబ్బింగ్ చెబుతారు. తెర మీద ముఖం ఇంకొకరిది, మాట ఈయనది. మునులకీ, జమీందార్లకీ, పెళ్లికూతురి తండ్రులకీ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. పరిశ్రమ మద్రాసు నుంచి కదిలినప్పుడు మేమూ దాని వెంటే వచ్చి, కృష్ణానగర్‌లో ఒక వెనక సందులో ఇల్లు కట్టుకున్నాం. బయట ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు. కూరగాయల బండి దగ్గర నోరు విప్పి వంకాయల ధర అడిగితే మాత్రం పక్కన ఉన్నవాళ్లు తిరిగి చూస్తారు.

ఈ సినిమాలో ఆయనది తాత పాత్ర. వేషం వేసిన పెద్దాయన బొంబాయి మనిషి, తెలుగు రాదు. కథంతా ఆ తాత చుట్టూనే నడుస్తుందట. "కాంతం, మొదటి నుంచి చివరి దాకా బతికి ఉండే పాత్ర ఇన్నాళ్లకి దొరికింది" అన్నారు మా వారు. అంతకు ముందు ఆయన గొంతు ఉన్నవాళ్లు ఎక్కువమంది విశ్రాంతి లోపలే పోయేవారు.

ఆ విశ్రాంతి దాకా చెప్పారు. మర్నాడు డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆ థియేటర్ ఫిల్మ్ నగర్‌లో బండ మీద కట్టిన ఒక మేడలో ఉంది. అదీ పై అంతస్తులో, లిఫ్టు లేదు. కాస్త కోలుకున్నాక కుర్చీలో మోసుకుపోదామని స్టూడియో వాళ్లు వచ్చారు. ఆటో ఎక్కించే లోపలే కుట్లు పిగిలి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. రెండోసారి ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఇక గడప దాటించవద్దని గట్టిగా చెప్పారు.

తెర మీద ఒక ముఖానికి రెండు గొంతులు పెట్టరు. మిగతా సగం ఈయన చెప్పకపోతే ఇంకొకరి చేత మొదటి నుంచీ చెప్పిస్తారు. అప్పుడు ఈయన చెప్పిన సగం కూడా చెరిపేస్తారు. డైరెక్టరు గారు మంచివారే. శుక్రవారం దాకా చూస్తానన్నారు.

ఇంట్లో కూర్చునే చెప్పవచ్చునన్న ఆలోచన విహారిది. విహారి ఆ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. మా వారిని బాబాయి గారంటాడు, నన్ను పిన్నిగారంటాడు. మా వెనక గది గోడలకు పరుపులు కట్టించాడు. మైకు పంపించాడు, కంప్యూటర్ పంపించాడు. థియేటర్లో బొమ్మ నడుస్తుంటే అది చిన్నదిగా మా కంప్యూటర్లో కనిపిస్తుందట. ఈయన చెప్పిన మాట అక్కడ డైరెక్టరు గారికి వినిపిస్తుందట.

"సీడీలో బొమ్మ పంపిస్తే ఆయన చూసి చెప్పేస్తారు కదా నాయనా" అన్నాను.

"బొమ్మ గుమ్మం దాటనివ్వరండీ. రిలీజుకి ముందే రోడ్డు మీద దొంగ సీడీలు అమ్మేస్తారని ప్రొడ్యూసర్ గారికి భయం. మా వైపు నెట్ తలుపులన్నీ మూయించేశారు. మా మిషనే నెట్ మీద మీ ఇంట్లోకి రావాలి. అందుకని మీ వైపు ఒక పోర్టు తెరిపించాలి, అంతే."

అంతే అన్నాడు. ఆ మాటకు నేను ధైర్యం తెచ్చుకున్నాను.

నేను తెలుగులో పదో తరగతి చదివాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. ఆ రోజుల్లో మా సందులో సగం గదులు జూనియర్ ఆర్టిస్టులవి, సగం మాదాపూర్ వెళ్లే కంప్యూటర్ పిల్లలవి. కానీ ఆ పిల్లలు చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవారు. ఎవరినీ ఆపి అడిగే వీలుండేది కాదు. విహారికి కంప్యూటర్ అమ్మిన యూసుఫ్‌గూడ దుకాణం వాళ్లే సోమవారం పొద్దున ఓదెలును పంపించారు. రహమత్ నగర్ మనిషి. కుర్రాడు కాడు, నడివయసువాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, కంప్యూటర్‌తో పాటు ఆ దుకాణం వాళ్లే హాల్లో పెట్టిన వైర్లెస్ పెట్టె ముందు చతికిలబడ్డాడు.

"అమ్మా, గీ పోర్టు ఎవలికి కావాలె? ఇంట్ల పిల్లలు గేములాడుతరా?"

"మా వారికి. ఆయన డబ్బింగ్ చెప్పాలి."

వెనక గదిలోంచి మా వారు "ఎవరు కాంతం" అన్నారు. ఓదెలు చేతిలో వైరు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఈ గొంతు నాకెర్క. టీవీల పొద్దుగాల వచ్చే ముని సార్ గొంతు కద? అరె, మా అత్త దీపం పెట్టుకోని మరీ వింటది. సారూ, పని కాకుంటే శాపం పెట్టరు కద?"

మా వారు ముని గొంతు పెట్టి, "పోర్టు తెరవకుండా గడప దాటావో, నీ స్కూటరు స్టార్టు కాకుండుగాక" అన్నారు.

"అది ఆల్రెడీ అయితలేదు సారూ. ఇంకెవలో పెట్టిండ్రు" అన్నాడు ఓదెలు.

చాలా రోజుల తరువాత మా ఇంట్లో ముగ్గురు ఒకేసారి నవ్వారు.

పోర్టు అంటే ఏమిటో అడిగితే ఓదెలు విసుక్కోకుండా చెప్పాడు. "ఇల్లు ఒకటే అడ్రసు అమ్మా. లోపల అర్రలు శానా ఉంటయి. బయటికెల్లి వచ్చినోడు ఏ అర్రలకు పోవాల్నో గీ డబ్బకు తెల్వాలె. తెల్వకుంటే ఎవ్వల్నీ రానియ్యది, గేటు కాడ్నే ఆపుతది. గీ నంబరు మీద వచ్చినోన్ని వెనక అర్రల ఉన్న సార్ కంప్యూటర్ కాడికి తోలు అని మనం రాసి పెట్టాలె."

నాకు అర్థమైంది. మా అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరు ఏ గదిలోకి వెళ్లాలో చెప్పి వచ్చినవాళ్లని అలాగే పంపేది.

రాసి పెట్టాక అతను తీగ ఎక్కడి నుంచి వస్తున్నదో కళ్లతో వెతుక్కుంటూ వెళ్లాడు. అది హాలు గోడ మీదుగా పోయి, దేవుడి గది తలుపు చట్రం పైనుంచి లోపలికి దిగుతుంది. మా అమ్మాయి వర్ణిక చదువుకునేటప్పుడు ఆ ముందు గదిలోకే టెలిఫోను తీగ లాగి, గోడ గూట్లో ఇంటర్నెట్ పెట్టె పెట్టారు. అమ్మాయి పెళ్లయి విశాఖపట్నం వెళ్లాక వాస్తు చూసిన ఆయన ఈశాన్యం గది దేవుడికే ఉండాలన్నాడు. దేవుడు ఆ గదిలోకి వచ్చాడు. పెట్టె ఆ గూట్లోనే ఉండిపోయింది. దాని ముందు నేను పసుపు రంగు గుడ్డ కట్టాను.

ఆ గుడ్డ ముందు ఇప్పుడు కలశం ఉంది. మా వారికి రెండో ఆపరేషన్ అయిన రోజున మండల దీక్ష పట్టాను. బియ్యం పోసి, రాగి చెంబులో నీళ్లు నింపి, మామిడాకులు, కొబ్బరికాయ పెట్టి అమ్మవారిని పిలిచాను. మండలం పూర్తయి ఉద్వాసన చెప్పేదాకా కలశం కదపకూడదు. మడి కట్టుకున్న నేను తప్ప ఆ గదిలో ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. ఆయన లేచి నడవాలి, మళ్లీ పనికి వెళ్లాలి, అదే సంకల్పం.

ఓదెలు గుమ్మం ఇవతలే ఆగాడు. "అమ్మా, లోపల ఏముంది?"

"ఫోను తీగకు పెట్టె ఉంది బాబూ. దీక్షలో ఉన్నాను, లోపలికి రాకూడదు."

"వద్దు వద్దు, దేవునర్రలకు నేనెందుకు? పొద్దుగాల కోడికూర తిన్న. వట్టి మోడమే కద, నెట్ తెచ్చుడే దాని పని. లైట్లు మంచిగ మెరుస్తున్నయా?"

గుడ్డ వెనక పచ్చటి వెలుగు కనిపిస్తోంది. "వెలుగుతున్నాయి" అన్నాను.

"అయితే గా డబ్బ మంచిగున్నట్టే" అని వెనక్కి తిరిగాడు. ఇద్దరికీ అదే సరైన పద్ధతి అనిపించింది.

ఆ సాయంత్రం విహారి ఫోను చేశాడు. "రావట్లేదు పిన్నిగారూ. మీ తలుపు మూసే ఉంది."

మంగళవారం ఓదెలు మళ్లీ వచ్చాడు. రాగానే తప్పు దొరికింది. పొద్దున కరెంటు పోయి వచ్చింది. పెట్టె కంప్యూటర్లకు నంబర్లు మళ్లీ పంచుతూ మా వారి కంప్యూటర్ నంబరు హాల్లో ఉన్న అమ్మాయి పాత కంప్యూటర్‌కు ఇచ్చేసింది. "అర్ర మారింది అమ్మా. మనం రాసిన అర్రల ఇప్పుడు సార్ లేడు" అన్నాడు ఓదెలు. ఇక మారకుండా ఆ నంబరును కంప్యూటర్‌కే కట్టేశాడు. కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ పెట్టెకు కలిపాడు. కంప్యూటర్ లోపల ఇంకో కాపలా ఉంటుందట, దాన్నీ ఆపి చూశాడు. ఇన్ని తప్పులు దొరికాక ఇంకేం మిగులుతుంది అనుకున్నాను. దొరికిన ప్రతి తప్పూ నాకు అమ్మవారు చూపించినట్టే అనిపించింది.

విహారి మిషను మళ్లీ గేటు దగ్గరే ఆగింది.

"ఇంట్ల కెల్లి చూస్తే ఎట్లయినా తెల్వది అమ్మా. బయటోడే చెప్పాలె తెరిచిందా లేదా అని" అన్నాడు ఓదెలు. మొదటి రోజు ఉన్న వేళాకోళం అతని గొంతులో లేదు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు సమజైతలేదు. షాపుల సారును అడిగి చెప్త. జర ఓపిక పట్టుండ్రి."

మా వారు మాత్రం ఆ రెండు రోజులూ హుషారుగా ఉన్నారు. పరుపుల మధ్య కుర్చీలో కూర్చుని, కనుబొమలు కలిపి, మిగిలిన సగంలో తాత మాటలు చదువుకుంటూనే ఉన్నారు. మిరియాల పాలు తాగారు. పెరుగు మానేశారు. గోడలకు పరుపులు ఉండడం వల్ల మాట బయటికి సన్నగా వచ్చేది. వంటింట్లో ఉన్న నాకు ఎవరో దూరం ఊరి నుంచి మాట్లాడుతున్నట్టు ఉండేది. అన్నం తింటూ, "క్లైమాక్స్‌లో ఆ తాత మనవడిని కొడతాడు. కొట్టాక మాట ఎలా వస్తుంది చెప్పు. గట్టిగా రాదు కదూ" అన్నారు. నాకేం తెలుసు. రాదనే అన్నాను.

బుధవారం నేనే టెలిఫోను వాళ్ల ఆఫీసుకు ఫోను చేశాను. ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, పాట వినిపించారు. చివరికి ఒక అమ్మాయి పలికింది. నెట్ వస్తోందా అని అడిగింది. వస్తోందన్నాను. "వస్తుంటే ప్రాబ్లం లేనట్టే కదా మేడం."

"బయటికి వెళ్తోంది తల్లీ. బయటివాళ్లు లోపలికి రాలేకపోతున్నారు."

"అది మా సర్వీసులోకి రాదు మేడం. ఇంకేమైనా హెల్ప్ చేయగలనా?"

ఇంకేమీ వద్దన్నాను. ఆ అమ్మాయి శుభదినం కావాలని కోరింది.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ గుడికి నడిచి వెళ్లాను. గుడిలో చాలామంది ఉన్నారు. కొత్త కారుకు పూజ చేయించుకునేవాళ్లు, మొదటి షాటు కోసం క్లాప్ బోర్డు అమ్మవారి పాదాల దగ్గర పెట్టించుకునేవాళ్లు. నేను ఏమని అడగాలి? పోర్టు తెరిపించు తల్లీ అని అడగడానికి నోరు రాలేదు. ఆమెకు అది చిన్న పని అవుతుందా, లేక ఆమెకు సంబంధం లేని పని అవుతుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. వెనకున్నావిడ "జరగండమ్మా" అంటే జరిగాను.

గురువారం పొద్దున విహారి ఫోను వచ్చింది. థియేటర్ బయట నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు, వెనక బళ్ల చప్పుడు. మనిషి గొంతు నీరసంగా ఉంది.

"పిన్నిగారూ, మీరొక్కసారి ఆ వైర్లెస్ పెట్టె పేజీ తెరుస్తారా? ఓదెలు చూపించాడు కదా. అందులో ఇంటర్నెట్ అని ఉన్నచోట ఒక నంబరు ఉంటుంది. చదవండి."

నేను హాల్లో ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చుని వెతికి వెతికి పట్టుకున్నాను. "నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది..."

"ఆగండి." ఆ అంకెలు తనలో తాను మళ్లీ చదువుకున్నాడు. "అది బయటి నంబరు కాదండీ. ఇళ్ల లోపల వాడుకునే నంబరు. అంటే ఆ పెట్టెకు అవతల మీ ఇంట్లోనే ఇంకో పెట్టె ఉంది. అది కూడా గేటు కాస్తోంది. మనం లోపలి గేటు తెరిచి కూర్చున్నాం. బయటి గేటుకు మనం సంగతే చెప్పలేదు. ఫోను తీగ ఎక్కడ దిగింది పిన్నిగారూ?"

"దేవుడి గదిలో."

"అక్కడ పెట్టె ఉందా?"

ఉందన్నాను.

"దాని పాస్‌వర్డు కింద స్టిక్కరు మీద ఉంటుంది. పెట్టె తిరగేసి చదవండి. మిగతాది నేను చెబుతాను."

గూడు ఇరుకు. పెట్టె బయటికి రావాలంటే ముందున్న కలశం కదలాలి. మండలం పూర్తి కావడానికి ఇంకా వారం పైనే ఉంది.

మా వారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన కాగితాలు ఒళ్లో పెట్టుకుని విన్నారు. "దీక్ష నీది కాంతం. నేను కదపమని అనను" అన్నారు. కాగితాలు సర్దుకుంటూ, "వద్దని కూడా అనలేను" అన్నారు.

మళ్లీ తలారా స్నానం చేసి, తడిబట్టతో ఆ గదిలోకి వెళ్లాను. దీపం వెలుగుతోంది. ఆయన లేచి పని చేయాలనే కదా అమ్మా నిన్ను ఇక్కడ కూర్చోబెట్టాను, ఆయన పనికి నువ్వే అడ్డంగా ఎలా కూర్చున్నావు అని అడిగాను. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాను. కూర్చోబెట్టింది నేను. గదిలోకి ఎవరినీ రావద్దన్నది నేను. గుమ్మం దాకా వచ్చిన మనిషిని అక్కడే ఆపేశాను. తప్పు లెక్కించుకోవడానికి అప్పుడు టైము లేదు. రెండు చేతులతో కలశం ఎత్తి కింద పళ్లెంలో పెట్టాను. కొబ్బరికాయ పక్కకు ఒరిగింది. నీళ్లు కొంచెం తొణికి బియ్యం తడిశాయి.

గుడ్డ తీస్తే పెట్టె జిడ్డుగా ఉంది. నూనె దీపం మసి, ఎండిన పూరేకులు, అగరుబత్తి నుసి. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తిరగేసి, చీర కొంగుతో తుడిచి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని హాల్లో పెట్టి వెళ్లిన సెల్‌ఫోను తీసి విహారికి చెప్పాను. అతను చెప్పినట్టు ఆ పెట్టె పేజీ తెరిచాను. రంగు వేరు, కానీ మాటలన్నీ ముందు పెట్టెలో చూసినవే. మూడు రోజులుగా ఓదెలు వెనక నిలబడి చూసినందుకు ఏ మాట పక్కన ఏ నంబరు రాయాలో నాకు ముందే తెలిసిపోయింది. ఈ నంబరు మీద వచ్చినవాళ్లని హాల్లో ఉన్న పెట్టె దగ్గరికి పంపించు అని రాశాను. అక్కడి నుంచి వెనక గదికి దారి ఓదెలు ఎప్పుడో రాసి పెట్టాడు. సేవ్ అన్నచోట నొక్కాను.

"నాయనా, రాశాను."

"థియేటర్లోకి వెళ్లి చూస్తానండీ. ఒక్క నిమిషం" అన్నాడు విహారి.

అతను లోపలికి వెళ్లక ముందే వెనక గదిలో చప్పుడైంది. మా తలుపు ఎప్పుడు తెరిస్తే అప్పుడు దానంతటదే వచ్చి కలిసేలా థియేటర్ మిషన్‌కు అతను ముందే చెప్పి ఉంచాడు. ఆ సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తులేదు.

నేను పరుగున వెళ్లాను. మా వారి ముందు కంప్యూటర్లో చిన్న కిటికీలాగా బొమ్మ తెరుచుకుంది. పడవలో కూర్చున్న తాత, ఎదురుగా మనవడు. స్పీకర్లలో గాలి చప్పుడు. మా వారి ముఖం వెలిగింది. వెన్ను నిటారుగా పెట్టి, మైకు దగ్గరికి జరిగారు. గొంతు సవరించుకున్నారు.

తాత నోరు విప్పాడు. "మీ నాన్న ఈ పడవ ఎక్కనన్నాడురా" అన్నాడు.

అది మా వారి గొంతు కాదు.

ఆ బొమ్మ విశ్రాంతికి చాలా ముందు వచ్చేది. ఆ మాట మా వారు ఎప్పుడో చెప్పేశారు. ఇంటికి వచ్చి నాకు చెప్పి చూపించారు కూడా.

స్పీకర్లలోంచి ఎవరో "వన్ మోర్" అన్నారు. బొమ్మ వెనక్కి వెళ్లింది. తాత మళ్లీ నోరు విప్పాడు. మళ్లీ ఆ కొత్త గొంతే.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. విహారి ఆయాసపడుతూ, "పిన్నిగారూ, అది ఆపేయండి. దయచేసి ఆపేయండి" అన్నాడు. ఆ మాట ఫోనులోంచీ, స్పీకర్లలోంచీ రెండుసార్లు వినిపించింది. లోపలికి వచ్చేసినట్టున్నాడు.

మా వారు మైకు ముందుకు వంగి, "విహారీ, ఎవరది?" అన్నారు.

అవతల బొమ్మ ఆపేశారు.

"చలపతిరావు గారండీ, బాబాయి గారూ." విహారి ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పాడు. "రిలీజు డేటు ముందుకు జరిగిందండీ. నిన్న మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టారు. బుధవారం పొద్దుటికల్లా మీ లైను కలిస్తే డైరెక్టర్ గారిని నేను ఒప్పించేవాణ్ణి. ఈరోజైనా కలిస్తే మనసు మార్చుకుంటారేమోనని... మీకు చెప్పడానికి నోరు రాలేదండీ."

బుధవారం పొద్దుటికల్లా అన్న మాట దగ్గర మా వారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"చలపతీ" అన్నారు ఆయన.

"అన్నయ్యా. నాకు మీరు మానేశారని చెప్పారు అన్నయ్యా. నేను ఇప్పుడే లేచి వెళ్లిపోతాను."

"కూర్చో. వెళ్లిపోతే ఇంకొకడు వస్తాడు. బాగానే చెబుతున్నావు. పడవ అనే ముందు ఆ పెద్దాయన పెదవులు మూసి కాసేపు అలాగే ఉంచుతాడు. నువ్వు తొందరపడుతున్నావు. నేనూ అక్కడ దెబ్బతిన్నాను. ఆయన పెదవి విడిచేదాకా ఆగు."

"సరే అన్నయ్యా."

బొమ్మ వెనక్కి వెళ్లింది. తాత పడవలో కదిలాడు. "మీ నాన్న ఈ..." అని ఆగాడు. పెదవులు మూసే ఉన్నాయి. నీళ్ల మీద వెలుతురు కదిలింది. "పడవ ఎక్కనన్నాడురా."

ఈసారి గొంతు ఆ ముఖంలోంచే వచ్చింది. మా వారి పెదవులు కూడా దానితో పాటే కదిలాయి. చప్పుడు రాలేదు.

"ఓకే. నెక్స్ట్" అన్నారు స్పీకర్లలో. డైరెక్టరు గారే అయి ఉంటారు.

ఆపమన్నట్టు మా వారు చూశారు. నేను ఆపాను. బొమ్మ పోయింది. పరుపుల గదిలో చప్పుడు అసలే నిలవదు. అప్పుడు ఇంకా తక్కువైంది.

మధ్యాహ్నం ఓదెలు ఫోను చేశాడు. దుకాణంలో సారును అడిగాడట. "అమ్మా, మతిల పడ్డది. మీ దేవునర్రల డబ్బ కూడ తెరవాలె. నేను స్నానం చేసి వస్త, తలుపు కాడ నిలబడి చెప్త, మీరే చేద్దురు."

"చేశాను నాయనా. తెరుచుకుంది."

"తెరుచుకుందా? సారుకు పని షురువైందా మరి?"

"కలిసింది నాయనా" అన్నాను. "నీకు శ్రమ ఇచ్చాం."

"గింతల శ్రమేంది అమ్మా" అని సంతోషంగా పెట్టేశాడు.

దేవుడి గదిలో కలశం పళ్లెంలోనే ఉంది. దాన్ని మళ్లీ గూట్లో పెట్టవచ్చో లేదో నాకు తెలియలేదు. పెడితే దీక్ష సాగినట్టా, తెగినట్టా? కాసేపు ఎదురుగా కూర్చున్నాను. ఎప్పుడూ చేసే పారాయణ మొదలుపెట్టబోతే, ఈరోజు ఏ కోరికతో చేయాలో తోచలేదు. ఆయన నడవాలి అనుకోవచ్చు. నడిచి ఎక్కడికి వెళ్లాలి? శుక్రవారం దాకా ఆగుతానన్న మనిషి బుధవారం దాటే దాకా ఆగలేదు. నేను సోమవారం గుమ్మంలో ఒక మనిషిని ఆపేశాను. మా ఇద్దరి తప్పులూ ఆ తల్లి ఒకే చోట రాసుకుంటుందా, వేరువేరుగా రాసుకుంటుందా? అడిగాను. దీపం కదలకుండా వెలుగుతోంది. గూట్లో పెట్టె పచ్చగా మెరుస్తోంది. కొబ్బరికాయ సరిచేసి లేచాను.

సాయంత్రం వెనక గదిలోకి వెళ్లాను. ఆయన ఆ కుర్చీలోనే ఉన్నారు. కాగితాలు మడిచి మైకు కింద పెట్టారు. మధ్యాహ్నం అన్నం సగమే తిన్నారు.

నన్ను చూసి, మంచినీళ్లు కావాలని బొటనవేలు నోటి దగ్గరికి ఎత్తి చూపించారు.

ముప్పై ఏళ్ల పైన కాపురంలో ఆయన నన్ను ఏదీ సైగతో అడగలేదు. నేను అర్థం కానట్టు నిలబడ్డాను. ఏం కావాలండీ అని అడిగాను. చెబుతారని చూశాను.

ఆయన మళ్లీ చెయ్యే చూపించారు.